ఎడారి నదికి అడ్డుకట్ట వేసిన నెలజీతపు ఇంజనీరు జె.ఎల్. సావేజ్

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు ముందుగా తట్టిన పేర్లు మీ అందరికీ తట్టేవే. కాటన్ దొర, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, మన కె.ఎల్. రావుగారు. వీరిని గురించి చాలామంది చాలాసార్లు రాశారు, నాకన్నా బాగా రాశారు. అందుకని నేను వేరొకరిని ఎంచుకున్నాను. ఆయన అమెరికా దేశస్థుడు. బతికిన రోజుల్లో ఆనకట్టల పనివాళ్లకు ప్రపంచమంతటా తెలిసిన పేరు. మన గోదావరికీ ఆయనకూ కొంత సంబంధం ఉంది. జీవితంలో ఎక్కువ భాగం ప్రభుత్వ జీతం మీద బతికిన మనిషి కావడం వల్ల ఆయన కథ మన పత్రికకు తగినదనిపించింది.

నేను 1962లో నీటిపారుదల శాఖ డిజైన్ల విభాగంలో ట్రేసరుగా చేరి, డ్రాఫ్ట్స్‌మన్‌గా 58 ఏళ్లకు రిటైరైన వాణ్ణి. ఇంజనీరును కాను. అందుచేత లెక్కల లోతుల్లోకి పోను, పోలేను. మా ఆఫీసు బీరువాలో అమెరికా బ్యూరో ఆఫ్ రిక్లమేషన్ వారి పుస్తకాలు అట్టలు చిరిగిపోయేదాకా వాడేవారు. ఆ బ్యూరోకు డెన్వరు నగరంలో డిజైన్ల కార్యాలయం ఉండేది. దానికి 1924 నుంచి 1945 వరకు పెద్ద దిక్కు జాన్ లూసియన్ సావేజ్. సావేజ్ అంటే ఇంగ్లీషులో అడవి మనిషి, మోటు మనిషి అని అర్థం. ఎరిగినవాళ్లంతా ఆయన మహా నెమ్మదస్తుడని చెప్పుకున్నారు. ఇంటిపేరు మనం ఎంచుకునేది కాదు కదా.

సావేజ్‌గారు 1879 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, విస్కాన్సిన్ రాష్ట్రంలోని కుక్స్‌విల్ అనే పల్లెటూళ్లో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1903లో సివిల్ ఇంజనీరింగ్ పట్టా తీసుకున్నారు. అంతకు ముందు సంవత్సరమే అమెరికా ప్రభుత్వం పశ్చిమ రాష్ట్రాల బీడు భూములకు నీళ్లివ్వడానికి రిక్లమేషన్ సర్వీసు అనే కొత్త శాఖను పెట్టింది. పట్టా చేతికి రాగానే ఆయన అందులో చేరి, ఐడహో రాష్ట్రంలో స్నేక్ నది కాలువల పనుల మీదికి వెళ్లారు. 1908లో ఉద్యోగం వదిలి, ఎ.జె. వైలీ అనే పేరున్న సలహా ఇంజనీరు దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశారు. 1916లో మళ్లీ ప్రభుత్వానికే వచ్చి డెన్వరు డిజైన్ల పని చేపట్టారు. బయట ఎక్కువ సంపాదించగలిగీ సర్కారు కొలువుకు తిరిగి వచ్చిన మనిషి అన్నమాట. ఆ తరువాత ఎంత పెద్ద జీతాలు చూపించినా, ఉద్యోగ విరమణ దాకా కదలలేదు.

ఇక ఆ నది సంగతి. ఆనకట్ట ఎందుకు కట్టారో తెలియకపోతే ఈ మనిషి చేసిన పని విలువ తెలియదు.

కొలరాడో నది రాకీ పర్వతాల మంచు కరిగి పుట్టి, ఎడారుల గుండా ప్రవహించి, మెక్సికోలో సముద్రం చేరేది. చివరి భాగంలో వాన దాదాపు లేదు. ఆ దాపునే ఉన్న లాస్ వేగాస్‌లో ఏడాదికి పడేది నాలుగు అంగుళాలు. మన అనంతపురం కరువు జిల్లా అని బాధపడతామే, అక్కడ ఇరవై అంగుళాల పైనే పడుతుంది. అలాంటి ఎడారికి వరద భయమేమిటని అనుమానం రావచ్చు. వరద స్థానికంగా కురిసిన వానది కాదు, వందల మైళ్ల ఎగువన ఉన్న మంచుది. మే నెల నుంచి జులై వరకు నది లక్ష క్యూసెక్కులు దాటి వచ్చేది. శరత్కాలానికి నాలుగైదు వేలకు పడిపోయేది. పైగా విపరీతమైన బురద. ఆ బురద అడుగున పేరుకుని నది గర్భం చుట్టుపక్కల భూమికన్నా ఎత్తుకు లేస్తూ ఉండేది. నదికి ఒక పక్కన కాలిఫోర్నియాలో ఇంపీరియల్ లోయ ఉంది. అది సముద్ర మట్టానికి కిందుగా ఉన్న పల్లం. నది పైన, పొలాలు కింద. కరకట్ట తెగితే నీళ్లు ఎటు పోతాయో చెప్పనక్కరలేదు.

అదే జరిగింది. ఆ లోయకు నీళ్లు తెచ్చే కాలువ నోరు బురదతో పూడిపోతే, 1904లో కంపెనీ వారు మెక్సికో వైపున నది గట్టుకు కొత్త గండి కొట్టారు. దానికి తలుపులు పెట్టలేదు. 1905 వరదల్లో ఆ గండి పెరిగి పెరిగి, చివరకు దాదాపు నది మొత్తం దారి మళ్లి లోయలో పడింది. రైల్వే కంపెనీ రైళ్లకు రైళ్లు బండరాళ్లు తెచ్చి పోస్తే 1907 ఫిబ్రవరికి గండి పూడింది. అప్పటికి ఆ పల్లంలో సముద్రమంత చెరువు మిగిలింది. సాల్టన్ సముద్రం అన్న పేరుతో ఇవాళ్టికీ ఉంది. తలుపులు లేకుండా గండి కొట్టడమేమిటని మనలో లస్కరుగా పనిచేసినవారు కూడా అడుగుతారు. డబ్బు తొందర అలాంటిది.

పైన ఎక్కడో పెద్ద ఆనకట్ట కట్టి వరదను పట్టి ఉంచితే తప్ప ఆ రైతులకు నిద్ర లేదని మొదటినుంచీ చెబుతూ వచ్చినవారు రిక్లమేషన్ శాఖాధిపతి ఆర్థర్ పావెల్ డేవిస్. ఇరవై ఏళ్లు అదే పనిగా సర్వేలు చేయించారు. 1923లో పైవారు ఆయన్ను తీసివేసి, ఇంజనీరు కాని ఒక రాజకీయ నాయకుణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. పదేళ్ల తరువాత, పని సగంలో ఉండగా సలహాదారుగా పిలిచారు. ఆయన కొద్ది వారాలకే 1933లో కన్నుమూశారు. చదివినప్పుడు మనసు కష్టపడింది.

బౌల్డర్ కాన్యన్ చట్టం 1928 డిసెంబరులో ఆమోదం పొందింది. చట్టంలో ఆనకట్ట ప్రయోజనాలు వరుసగా రాశారు. ముందు నది నియంత్రణ, వరద నివారణ. తరువాత సాగునీరు, తాగునీరు. ఆ తరువాతే కరెంటు. ఇప్పుడు చూసేవారికి అది కరెంటు ఆనకట్ట అనిపిస్తుంది గాని, పుట్టుక వరద కోసం. తమాషా ఏమిటంటే, చట్టానికి పేరిచ్చిన బౌల్డర్ లోయలో కాక, దానికి కొంచెం దిగువన బ్లాక్ కాన్యన్ అనే ఇరుకు కొండసందులో కట్టారు. పేరు మాత్రం పాతదే కొన్నాళ్లు నిలిచింది.

డిజైను భారం సావేజ్‌గారి మీద పడింది. 726 అడుగుల ఎత్తు. అప్పటికి ప్రపంచంలో పూర్తయిన ఎత్తయిన ఆనకట్టలు ఇంచుమించు అందులో సగమే. 1915లో పూర్తయి రికార్డుకెక్కిన యారోరాక్ ఆనకట్టే 348 అడుగులు. మన నాగార్జునసాగర్ తరువాతి కాలంలో వచ్చింది, అది 409 అడుగులు. ముందు చేసి చూపించినవారు లేరు. తప్పితే కింద లక్షల ఎకరాలు, పట్టణాలు.

ఆ భయం ఊహ కాదు. చట్టం రావడానికి తొమ్మిది నెలల ముందు, 1928 మార్చి 12 అర్ధరాత్రి, లాస్ ఏంజెలిస్ నగరం వారు కట్టుకున్న సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట కూలి నాలుగు వందలమందికి పైగా పోయారు. కట్టిన ముల్‌హాలండ్‌గారు ఆ నగరానికి నీళ్లు తెచ్చి పెట్టిన ఘనుడు. డిజైనును బయటి నిపుణుల చేత సరిచూపించకపోవడం తరువాత పెద్ద తప్పుగా తేలింది. దాంతో దేశమంతా ఆనకట్ట మాటంటేనే బెదిరింది. కొలరాడో ప్రతిపాదనను పరీక్షించడానికి జనరల్ సైబర్ట్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. కాంక్రీటు మీద పడే ఒత్తిడి ఇంకా తగ్గాలని, నదిని మళ్లించే సొరంగాలు, వరద పారుదల మార్గాలు ఇంకా పెద్దవి కావాలని వారు తేల్చారు. డెన్వరు కార్యాలయం లెక్కలన్నీ మళ్లీ వేసింది. పై పరిశీలన అనగానే మొహం మాడ్చుకునే అధికారులను నా సర్వీసులో కొందరిని చూశాను. సావేజ్‌గారి తత్వం అందుకు పూర్తిగా వేరు. తన లెక్క తప్పని ఇంకొకరు చూపించేలోగా తానే పరీక్షించి చూసుకోవాలన్నది ఆయన పద్ధతి.

ఆ లెక్కల తీరును ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను. మన నవారు మంచం చూడండి. నిలువు పట్టీలు, అడ్డ పట్టీలు ఒకదానిలోంచి ఒకటి అల్లి ఉంటాయి. మీరు కూర్చుంటే బరువు కొంత నిలువు పట్టీ మోస్తుంది, కొంత అడ్డ పట్టీ మోస్తుంది. రెండూ కలిసిన చోట రెండూ ఒకే లోతుకు కుంగాలి, వేరువేరుగా కుంగడానికి వీలులేదు. ఆ ఆనకట్ట కూడా అంతే. ఎగువకు వంపు తిరిగిన గోడ అది. నీటి ఒత్తిడిలో కొంత నిలువుగా పునాదిలోకి దిగుతుంది, కొంత అడ్డంగా కమానులా రెండు కొండల్లోకి పోతుంది. ఏది ఎంత మోస్తుందో ముందు ఒక అంచనా వేస్తారు. ఒక్కొక్క కూడలి దగ్గర రెండు వంపులూ సరిపోయాయో లేదో చూస్తారు. సరిపోకపోతే అంచనా మార్చి మళ్లీ మొదలు. కంప్యూటర్లు లేని రోజులు. స్లైడ్ రూళ్లు, చేతితో తిప్పే లెక్కల మిషన్లు పెట్టుకుని ఇంజనీర్లు నెలల తరబడి కూర్చున్నారు. చాలదన్నట్టు ప్లాస్టరుతో, రబ్బరుతో చిన్న నమూనాలు పోసి, బరువు పెట్టి, ఎక్కడ ఎంత వంగిందో కొలిచి, కాగితం మీది లెక్కతో పోల్చారు. ఆరెగాన్ రాష్ట్రంలో 417 అడుగుల ఒవైహీ ఆనకట్ట కడుతుంటే, పెద్ద ఆనకట్టలో వాడబోయే పద్ధతులను ముందు అక్కడ ప్రయోగించి చూశారు.

రెండో చిక్కు వేడి. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుందని ఇల్లు కట్టించినవారందరికీ తెలుసు, అందుకే నీళ్లు కొడతాం. 660 అడుగుల మందం పునాది ఉన్న గోడను ఒకే ముద్దగా పోస్తే, లోపలి వేడి చల్లారడానికి వంద సంవత్సరాలకు పైగా పడుతుందని లెక్క తేలింది. చల్లారే కొద్దీ కుంచించుకుని బీటలు వారుతుంది. అందుకని ఆనకట్టను నిలువు దిమ్మెలుగా విడగొట్టి, ఒక్కోసారి ఐదడుగుల మందం చొప్పున పోశారు. తక్కువ వేడి పుట్టే సిమెంటు తయారు చేయించారు. ప్రతి పొరలోనూ అంగుళం గొట్టాలు పరిచి ముందు నది నీళ్లు, తరువాత మంచులా చల్లబరచిన నీళ్లు తిప్పారు. ఆ గొట్టాల మొత్తం పొడవు 582 మైళ్లు, అంటే మన హైదరాబాదు నుంచి విశాఖపట్నం పోయి సగం దూరం వెనక్కి వచ్చినంత. చల్లారాక గొట్టాలనూ దిమ్మెల మధ్య సందులనూ సిమెంటు పాలుతో నింపేశారు. గోడ ఒకే రాయి అయింది.

కట్టిన ఘనత సిక్స్ కంపెనీస్ అనే గుత్తేదార్ల కూటమిది, వారి పనుల అధికారి ఫ్రాంక్ క్రోది. 1931లో 4 కోట్ల 89 లక్షల డాలర్లకు కాంట్రాక్టు. 1932 నవంబరులో నదిని సొరంగాల్లోకి మళ్లించారు. 1933 జూన్‌లో మొదటి కాంక్రీటు, 1935 మేలో చివరిది. గడువుకు రెండేళ్లు ముందే పని పూర్తి. 1935 సెప్టెంబరు 30న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రారంభించారు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. పనిలో చనిపోయినవారు ప్రభుత్వ లెక్క ప్రకారమే 96 మంది. సొరంగాల్లో లారీల పొగ పీల్చి పోయినవారిని న్యుమోనియా కింద రాసేశారని అప్పుడే గొడవ జరిగింది, ఆ 96లో వారు లేరు. 1931 వేసవిలో వడదెబ్బకే ఎందరో పోయారు. ఆ ఆగస్టులో కూలీలు సమ్మె చేస్తే ఓడిపోయారు. అదంతా గుత్తేదారు పని, డిజైన్ల వారిది కాదని చెప్పవచ్చు. డ్రాయింగు బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ కేకలు వినబడవు, నాకూ వినబడలేదు. కాని గీసిన గీతకు కింద ఎవరో ఎండలో నిలబడి ఉంటారు. శవాలు కాంక్రీటులోనే ఉండిపోయాయని చెప్పుకునేది మాత్రం నిజం కాదు. ఐదేసి అడుగుల పొరల్లో మనిషి కూరుకుపోవడానికి వీలులేదు. మన ప్రాజెక్టుల దగ్గర కూడా ఇలాంటి కథలు పుట్టేవి, మీరూ విని ఉంటారు.

ఆనకట్టకు అధ్యక్షుడు హూవర్ పేరు పెట్టారు, 1933లో ప్రభుత్వం మారాక బౌల్డర్ అన్నారు, 1947లో మళ్లీ హూవర్ అన్నారు. వెనకాల జలాశయానికి శాఖాధిపతి ఎల్వుడ్ మీడ్ పేరు పెట్టారు. కొంచెం దిగువన ఉన్న ఇంకో ఆనకట్టకు పాపం డేవిస్‌గారి పేరు దక్కింది. ఈ మూడింటిలో దేనికీ సావేజ్ పేరు లేదు. ఆయన దానికోసం ప్రయాస పడిన దాఖలా కూడా లేదు. అప్పటికే షాస్తా, గ్రాండ్ కూలీ డ్రాయింగులు బల్ల మీద ఉన్నాయి. మొత్తం అరవైకి పైగా ఆనకట్టలు ఆయన చేతి కింద రూపుదిద్దుకున్నాయి. నదులకు అడ్డంగా కొమ్మలు పేర్చి గట్లు కట్టే బీవర్ అనే జంతువు అమెరికాలో ఉంది. పత్రికల వాళ్లు ఆయనకు వంద కోట్ల డాలర్ల బీవర్ అని ముద్దు పేరు పెట్టారు.

మీడ్ జలాశయంలో మొదట ముప్పై మిలియను ఎకరా అడుగులకు పైగా నీరు పట్టేది. మన లెక్కలో 1,300 టి.ఎం.సి. దాటుతుంది, నాగార్జునసాగర్ మొదటి సామర్థ్యం 408 కాబట్టి మూడింతల పైన. అందులో పై భాగాన 65 టి.ఎం.సి. మేరకు చోటు వరద కోసమే ఖాళీగా అట్టిపెట్టాలని నియమం. నిండు జలాశయం చూస్తే మనకు కడుపు నిండుతుంది గాని, వరదను ఆపేది నీళ్లు కాదు, ఖాళీ.

ఇంత జాగ్రత్తపరుని పనిలోనూ ఒక లోపం బయటపడింది. ఆనకట్టకు రెండు పక్కలా వరద పారుదల కాలువలు ఉన్నాయి. ఒక్కొక్కటి రెండు లక్షల క్యూసెక్కులు పంపగలదు. నీరు ఆ కాలువలోంచి నిట్టనిలువుగా ఆరు వందల అడుగులు సొరంగంలో దిగి, అడుగున మలుపు తిరిగి నదిలో కలుస్తుంది. 1941లో జలాశయం మొదటిసారి నిండినప్పుడు వాటిని వదిలి చూశారు. నాలుగు నెలల తరువాత ఆరిజోనా వైపు సొరంగంలో దిగి చూస్తే, మలుపు దగ్గర నూరడుగుల పైన పొడవు, దాదాపు 45 అడుగుల లోతు గొయ్యి పడి ఉంది. మూడడుగుల కాంక్రీటు పొరను తినేసి నీళ్లు కొండరాతిలోకి వెళ్లాయి. చాలా వేగంగా పారే నీటిలో గాలి లేని బుడగలు పుట్టి, గోడకు తగిలి పగులుతూ సుత్తిదెబ్బల్లా కొడతాయి. కేవిటేషన్ అనే ఆ జబ్బు అంతటి వేగాల దగ్గర ఎంత పని చేస్తుందో అప్పటికి ఎవరికీ పూర్తిగా తెలియదు. గొయ్యి పూడ్చి, గోడను అద్దంలా నునుపు చేశారు. నునుపైతే చాలునని అప్పటి అభిప్రాయం.

1945లో 65 ఏళ్ల వయసులో సావేజ్‌గారు ఉద్యోగం నుంచి తప్పుకున్నారు. ఆ ఏడే ఇంజనీర్లకు అమెరికాలో అత్యున్నతమైన జాన్ ఫ్రిట్జ్ పతకం వచ్చింది. 1940లో భార్య పోయారు, ఇల్లు ఖాళీ. మనలో కొందరికి తెలిసిన స్థితే. ఆయన పెట్టె సర్దుకుని దేశాల మీద పడ్డారు. నిజానికి సర్వీసులో ఉండగానే, ఆస్ట్రేలియా వారికీ మన పంజాబు ప్రభుత్వానికీ ఆయన్ను అరువిచ్చేందుకు అమెరికా కాంగ్రెసు ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చింది. ఒక ఉద్యోగి డెప్యుటేషనుకు పార్లమెంటు తీర్మానం! భాక్రా దగ్గర ఎత్తయిన ఆనకట్ట నిలుస్తుందని చెప్పినవారిలో ఆయన ఒకరు. 1963లో నెహ్రూగారు జాతికి అంకితం చేసిన భాక్రా, హూవర్ కంటే కొన్ని అడుగులు ఎత్తే.

1944లో చైనా ప్రభుత్వం పిలిస్తే, యుద్ధం జరుగుతుండగానే యాంగ్‌ట్సీ నది కొండసందుల్లోకి వెళ్లారు. ఇచాంగ్ పట్టణం జపాను సైన్యం చేతుల్లో ఉంది. అరవై నాలుగేళ్ల మనిషి, ఆ దగ్గర్లోనే తిరిగి స్థలం చూసి వచ్చారు. కోటి కిలోవాట్ల విద్యుత్తు, పైన వరద రక్షణ అని నివేదిక రాశారు. చైనా యువ ఇంజనీర్లు డెన్వరు వచ్చి ఆయన బల్లల పక్కనే డ్రాయింగులు మొదలుపెట్టారు. 1947లో అంతర్యుద్ధంలో అంతా ఆగిపోయింది. త్రీ గోర్జెస్ ఆనకట్టను చైనా వారు 1994లో మొదలుపెట్టి 2006లో గోడ పూర్తి చేశారు, వేరే స్థలంలో, వేరే డిజైనుతో. పన్నెండు లక్షలకు పైగా జనం ఇళ్లు వదలవలసి వచ్చింది.

మన గోదావరి సంగతి కూడా అంతే. పోలవరం దగ్గర రామపాదసాగరం కట్టాలని మద్రాసు ప్రభుత్వం 1940లలో పరిశోధన జరిపించింది. జలాశయం నీరు భద్రాద్రి రాముని పాదాలను తాకుతుందని ఆ పేరు. కె.ఎల్. రావుగారు ఆ ప్రాజెక్టు డిజైను ఇంజనీరుగా పనిచేశారు. సలహాకు పిలిచిన విదేశీ నిపుణుల్లో సావేజ్‌గారు ఉన్నారు. హూవర్ దగ్గర ఆయన తలపడిన వరద వేరు, ఇది వేరు. అక్కడి రెండు వరద కాలువలూ కలిపి నాలుగు లక్షల క్యూసెక్కులు. మన గోదావరి 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర ముప్పై ఐదు లక్షలు దాటింది. అక్కడ గట్టి రాతి సందు, ఇక్కడ రాయి దొరికేదాకా లోతైన ఇసుక. అంచనా 129 కోట్లకు చేరింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అంత డబ్బు ఎక్కడిది? పథకం అటకెక్కింది. ఆ ఇసుక ఇంజనీర్లను తరువాతా వదల్లేదు. ఇప్పటి పోలవరంలో ఇసుకలోకి దించిన డయాఫ్రం గోడ వరదలకు దెబ్బతిని, 2025లో కొత్త గోడ పని మొదలుపెట్టవలసి వచ్చింది.

1950లో, డెబ్బై ఏళ్ల వయసులో, సావేజ్‌గారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. మన సభ్యులు కొందరు ముక్కున వేలేసుకోవచ్చు, నాకైతే సంతోషమే కలిగింది. డెన్వరు పక్కన ఇంగిల్‌వుడ్‌లో 1967 డిసెంబరు 28న, 88వ పుట్టినరోజు గడిచిన మూడో నాడు కన్నుమూశారు. ఆ ఏడు ఆగస్టులోనే మన నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు.

ఆయన ఆనకట్టకు అసలు వరద పరీక్ష ఆయన పోయాక 1983లో వచ్చింది. రాకీ పర్వతాల్లో మంచు ఆలస్యంగా, ఒక్కసారిగా కరిగింది. ఎగువన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట వారు గేట్ల మీద ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టి నీళ్లు ఆపుకున్నారు. జులైలో హూవర్ వరద కాలువల మీదుగా నీరు పొర్లింది. దిగువన నది ఒడ్డునే ఇళ్లు కట్టుకున్నవారు మునిగారు. నలభై ఏళ్లుగా వరద రాకపోయేసరికి నది చోటు నదిదని జనం మరిచిపోయారు. ఇంపీరియల్ లోయ మాత్రం చెక్కు చెదరలేదు. సొరంగాల్లో మళ్లీ కొంత కోత పడింది. నునుపు ఒక్కటే చాలదని తేలాక, పారే నీటిలోకి గాలి చేరేలా గోడలో గాడి తొలిచారు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. వరద ఆగింది, వరదతో పాటు బురదా ఆగింది. పైన ఆనకట్టలు, కాలువలు పెరిగి, కొలరాడో నది మామూలు సంవత్సరాల్లో సముద్రం చేరడం మానేసింది. మెక్సికోలోని డెల్టా ఎండి, అక్కడ చేపలు పట్టి బతికిన కుకాపా జనం దెబ్బతిన్నారు. కృష్ణా డెల్టా చివరి భూముల వారికి ఈ బాధ వివరించనక్కరలేదు. 2022 జులైలో మీడ్ జలాశయం నిండిన నాటి నుంచీ ఎరగనంత అడుగుకు దిగి, ఎప్పుడో మునిగిన పడవలు బయటపడ్డాయి. వరదకోసం ఖాళీ అట్టిపెట్టాలన్న నియమం అప్పుడు ఎవరికీ గుర్తు చేయవలసిన పని లేకపోయింది.

మన సభ్యుల పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు. తల్లిదండ్రులను లాస్ వేగాస్ తీసుకువెళ్లి, అక్కడినుంచి ముప్పై మైళ్ల దూరంలోని హూవర్ చూపించడం ఇప్పుడు మామూలైంది. వెళ్లినవారు గోడ అంచున నిలబడి కిందికి చూసి, ఫోటో దిగి వచ్చేస్తారు. ఈసారి వెళితే రెండు గట్ల పక్కనా పెద్ద ఖాళీ తొట్లలా కనిపించే వరద కాలువలను కూడా చూడండి. వాటిలో నీళ్లు పారింది రెండే సార్లు, 1941లో, 1983లో. జూన్, జులై నెలల్లో మాత్రం పోకండి. అక్కడి ఎండ మన రామగుండం ఎండను మరిపిస్తుంది, మన వయసుకు మంచిది కాదు.